బావ పేరు మీద ఊదిన ఊపిరి

ఊపిరి ఎక్కువుండటం కూడా ఒక గొప్పేనా అని ఎవరైనా అడగొచ్చు. రాళ్ళ షెడ్డులో అది గొప్పే. అక్కడ చదువుకున్నవాడికీ, అందగాడికీ విలువ లేదు. పలక ఎత్తగలిగినవాడికీ, దుమ్ములో దగ్గకుండా నిలబడగలిగినవాడికీ మాత్రం మహా మర్యాద. ఆ లెక్కన మనవాడు షెడ్డుకి మకుటం లేని మహారాజు. అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. అందరికీ అతను సైరన్.

ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి షెడ్డు సైరన్ పాడైంది. బాగుచేసేవాడు ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూ నెల రోజులు నాన్చాడు. రాళ్ళు కోసే మరల రొదలో భోజనం వేళయిందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. మనవాడు ఎక్కడో పడున్న ఇనప గొట్టం ముక్క ఒకటి తెచ్చి, షెడ్డు మధ్యలో నిలబడి, కళ్ళు మూసుకుని ఊదాడు. గేటు దగ్గర కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్ లారీ వచ్చిందనుకుని ఉలిక్కిపడి లేచి గేటు బార్లా తీసేశాడు. ఆ నెలంతా అతనే ఊదాడు. తర్వాత అసలు సైరన్ బాగుపడింది గానీ పేరు మాత్రం ఇతనికే ఉండిపోయింది.

షెడ్డులో పనేమిటంటే బండరాళ్ళని పలకలుగా కోయడం, అంచులు సరిచేయడం, అద్దంలా నున్నగా సాన పట్టడం. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము అణుగుతుంది. అయితే నీళ్ళు పోస్తే గీసుకున్న గీత కనపడదు, పని నత్తనడక నడుస్తుంది, మేస్త్రి నోరు పారేసుకుంటాడు. అందుకని అంచులు కోసేవాళ్ళు పొడిగానే కోసేవాళ్ళు. సాయంత్రానికి కనుబొమల మీద, చెవుల్లో, క్యారేజి మూత మీద, తాగే నీళ్ళ మీద కూడా తెల్లటి మెత్తటి పొడి. ఇంటికెళ్ళి మొహం కడుక్కునేదాకా ఎవరి మొహం ఎవరిదో తేలేది కాదు.

అతన్ని ఆ పనిలో పెట్టింది అదే షెడ్డులో అంచులు కోసే బావ. అమ్మా నాన్నా పోయేనాటికి సైరన్ ఇంకా నిక్కర్లు తొడుక్కునే వయసు వాడు. అక్క పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంటపెట్టుకుని వెళ్ళింది. బావ ఒక్క మాట అనలేదు. కాదు, ఒక్క మాట కాదు, జీవితాంతం ఒకే మాట అన్నాడు. "పెళ్ళాంతో పాటు వీడు ఉచితంగా వచ్చాడు" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. అందుకని ఈ ఉచితంగా వచ్చినవాడినే కొడుకులా చూసుకున్నారు. తిట్టడమూ అలాగే తిట్టారు.

మేడ మీద రెండు గదుల ఇల్లు. ముందు గది సైరన్‌ది. అతనికి పెళ్ళి కాలేదు. సంబంధం చూడటానికి ఎక్కడికి వెళ్ళినా, ఎవరో ఏదో అనడం, ఇతను ఇంటి కప్పు ఎగిరేలా నవ్వడం, లోపల ఉన్న పిల్ల జడుసుకోవడం. "ఒరేయ్, ఆ రెండు గంటలూ నోరు మూసుకుని కూర్చోరా, పెళ్ళయ్యాక నీ ఇష్టం వచ్చినంత ఇకిలించుకో" అని అక్క నెత్తీ నోరూ కొట్టుకునేది. కొన్నేళ్ళకి ఆవిడా విసుగెత్తి ఊరుకుంది, ఇతనికీ వయసు దాటిపోయింది. దాని గురించి అతను పెద్దగా బాధపడ్డట్టు లేదు. తినడానికి అక్క చేతి వంట, ఆటపట్టించడానికి బావ ఉండగా ఇంకేం కావాలనుకున్నాడో ఏమో.

ఏడాదికోసారి షెడ్డుకి ఊపిరి పరీక్ష బండి వచ్చేది. గేటు పక్కన ఆగేది. లోపల ఒక కుర్చీ, ఒక చిన్న మిషను, దానికో గొట్టం, గొట్టానికి అట్టతో చేసిన మూతి. ముక్కుకి క్లిప్పు పెడతారు. గుండె నిండా గాలి పీల్చి, అట్టమూతి చుట్టూ పెదాలు బిగించి, ఒక్కసారిగా బలమంతా పెట్టి ఊదాలి. ఊదడం కాదు కష్టం, ఊదుతూ ఉండటం. గాలి అయిపోయిందనుకున్నాక కూడా లోపల అడుగున ఇంకొంచెం ఉంటుంది, దాన్ని కూడా పిండాలి. పక్కన నిలబడ్డ టెక్నీషియన్ అమ్మాయి "ఊదు ఊదు ఊదు, ఇంకా, ఇంకా, ఆపకు, ఆపకు" అని కేకలు పెడుతుంది. మిషనులోంచి కాగితం వస్తుంది. ఒక గీత నిటారుగా పైకి లేచి వాలుగా కిందికి దిగుతుంది. పక్కన ఎన్ని లీటర్లో అంకె. అలా ఒక్కొక్కరు మూడుసార్లు.

ఆ అంకె ఒక హద్దు కంటే తక్కువొస్తే ఆ మనిషిని దుమ్ము లేని పనికి మార్చాలని చట్టం. చట్టం బంగారం లాంటిదే. కానీ షెడ్డులో దుమ్ము లేని పని ఒక్కటే ఉంది, అది ఓనరు గదిలో కూర్చోవడం. కాబట్టి హద్దు దాటనివాణ్ణి నేరుగా ఇంటికి పంపేసేవాళ్ళు. బండి వస్తోందంటే మగాళ్ళకి గుండెల్లో రాయి పడేది. అంతకు ముందు వారం రోజులూ కొందరు సిగరెట్లు మానేసేవాళ్ళు, కొందరు దగ్గు మందు సీసాలు ఎత్తి తాగేవాళ్ళు.

ఆ బండి మొట్టమొదటిసారి వచ్చిన రోజునే బావకి జలుబు చేసి గొంతు పట్టేసింది. మామూలు జలుబే అనుకున్నారు.

"ఇవాళ నేను ఊదితే పిల్లి కూత వస్తుందిరా" అన్నాడు బావ, వరసలో నిలబడి, బిక్కమొహం వేసుకుని.

"ఆ టోకెను ఇలా ఇవ్వు బావా" అన్నాడు సైరన్.

"ఇచ్చి?"

"నీ పేరు మీద నేను ఊదేస్తాను. ఆ అమ్మాయి మన మొహాలు చూస్తుందా ఏమన్నా? మిషను వంకే చూస్తుంది. పైగా ఈ దుమ్ములో మనందరిదీ ఒకటే మొహం."

టోకెను మీద అంకె తప్ప బొమ్మ లేదు. సైరన్ ముందు తన వంతు ఊదాడు. బయటికొచ్చి చొక్కా మార్చుకున్నాడు, తలకి గుడ్డ చుట్టుకున్నాడు, కొందరిని ముందుకి పోనిచ్చి బావ టోకెనుతో మళ్ళీ వెళ్ళాడు. ఐదు లీటర్ల పైన వచ్చింది. బావ మనిషి పొట్టి, సైరన్ భుజం దగ్గరికొస్తాడు. ఆ ఎత్తుకి అంత ఊపిరేమిటని ఆ అమ్మాయికి అనుమానం రాలేదంటే నమ్మడం కష్టమే. వచ్చినా ఏమనలేదు. బండి బయట ఇంకా చాలా మంది నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. "నా ఛాతీ ఇప్పుడు ప్రభుత్వం వారి లెక్కలో పహిల్వాను ఛాతీ" అని బావ రొమ్ము విరుచుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఏమిటా నవ్వులని అక్క అడిగితే మగాళ్ళ సంగతి నీకెందుకన్నారు.

మరుసటి ఏడాది బావకి జలుబు లేదు. అయినా టోకెను ఇచ్చాడు. ఆ తర్వాత ఇంకొకడు వచ్చి చెవిలో అడిగాడు. వాడి పిల్లలు చిన్నవాళ్ళు. తర్వాత ఇంకొకడు. కాదనడం సైరన్‌కి చేతకాదు. నిజం చెప్పాలంటే కాదనాలని అతనికి అనిపించనూ లేదు. తన ఊపిరి పదిమందికి పనికొస్తోందంటే అతనికి ఒళ్ళు పొంగిపోయేది. బండి వచ్చిన రోజున చొక్కాల మీద చొక్కాలు మార్చి, ఊదీ ఊదీ కళ్ళు తిరిగి, బండరాయి మీద వెల్లకిలా పడుకునేవాడు. చుట్టూ చేరి ఒకడు టీ తెచ్చేవాడు, ఇంకొకడు కాళ్ళు పట్టేవాడు. మేస్త్రికి అంతా తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకునేవాడు, ఎందుకంటే పని తెలిసినవాళ్ళు పోతే తంటా అతనికే. ఇలా ఎన్నేళ్ళు జరిగిందో గానీ, కాగితాల ప్రకారం మాత్రం ఆ రాళ్ళ షెడ్డులో ఒక్కడికీ రోగం లేదు. అందరివీ గుర్రాల ఊపిరితిత్తులు.

బావ దగ్గు మాత్రం కాగితాలు చదవలేదు. అది తన దారిన తను ముదిరింది. పలక ఎత్తబోయి మధ్యలో దించేయడం మొదలైంది. చివరికి ఒక రోజు తనంతట తనే వెళ్ళి పని మానేస్తున్నానని చెప్పి, పిండిమర దగ్గర కాపలా పనికి కుదిరాడు. కూర్చుని చేసే పని కదా, కులాసాగా ఉంటుందన్నాడు. మానేసేముందు చివరి పరీక్ష ఒకటి ఉండాలన్నారు. దాన్నీ సైరనే ఊదాడు. ఆ ఏడే షెడ్డు చేతులు మారింది. కొత్త ఓనరు ఏం మాట్లాడుకున్నాడో ఎవరితో మాట్లాడుకున్నాడో, పరీక్ష బండి రావడం మానేసింది.

మూడేళ్ళకి బావ మంచానికి అంటుకుపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చోవాలి. కూర్చున్నా వెనక్కి వాలకూడదు, ముందుకి వంగాలి. పెద్దాసుపత్రి వాళ్ళు ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందని చెప్పారు. మందుంది, నయం చేసే మందు కాదు. ఎన్నాళ్ళని అక్క అడిగితే డాక్టరు ఫొటోని కవర్లో పెట్టేస్తూ, ఆయన్ని కష్టపెట్టకుండా చూసుకోండమ్మా అన్నాడు.

అప్పుడు ఎవరో పరిహారం బోర్డు గురించి చెప్పారు. పనిచేసేచోట దుమ్ము వల్ల రోగమొచ్చిందని బోర్డు ఒప్పుకుంటే ఆ మనిషికి పింఛను. అతను పోయాక అతని భార్యకి, ఆవిడ బతికున్నన్నాళ్ళూ. అయితే మనిషి ప్రాణంతో ఉండగానే తేల్చుకోవాలి. బావకి తన ప్రాణం మీద ఆశ పోయింది. ఈ పింఛను మీద మాత్రం ఆశ పట్టుకుంది. అక్కకి పిల్లల్లేరు, చదువు లేదు, కళ్ళు సరిగా ఆనక కుట్టు పని ఎప్పుడో మానేసింది.

"మీ అక్కకి ఇదొక్కటి చూసి పోతానురా" అన్నాడు బావ, మాట మాటకీ ఆగి. "తర్వాత పిలుపొచ్చినా... ఫరవాలేదు."

బోర్డు ముందుకి మొదటిసారి వెళ్ళిన రోజున బావ చేత వాళ్ళ మిషనులో ఊదించారు. లీటరు దాటి ఏదో వచ్చింది. అప్పుడు కంపెనీ ప్లీడరు లేచి పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. "చూడండి సార్, మా షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఏటా ఐదు లీటర్లు. మానేసిన రోజున కూడా ఐదు. వచ్చిన రోగమేదో తర్వాత వచ్చింది. పిండిమరలో మూడేళ్ళు పిండి పీల్చాడు. ఫొటోలో మచ్చలున్నాయి గానీ అవి మా షెడ్డువని రాసి లేదు, దానికి మేమేం చేస్తాం?" అన్నాడు. కాగితాల ప్రకారం అతని మాటలో ఒక్క అబద్ధం లేదు. అదే ఖర్మ.

ఆ కాగితాల కథ అక్కకి ఆ రోజు ఇంటికొచ్చాక తెలిసింది. బావే చెప్పాడు, చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. అక్క తమ్ముణ్ణి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముందు గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"మంచి చేద్దామనుకున్నావు కదరా" అంది.

"అవునక్కా."

"నన్నొక్క మాట అడిగి ఉండాల్సింది."

అంతే అని లోపలికి వెళ్ళిపోయింది. సైరన్‌కి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటి నుంచీ ఆ చేతి ముద్ద తిని పెరిగి, ఆ చేతికే రేపు ముద్ద లేకుండా చేశానని అతనికి అర్థమైంది.  మూడో రోజు బోర్డు ఆఫీసుకి వెళ్ళి, ఆ పాత కాగితాలు బావవి కావు, నావి, ఊదింది నేను అని చెప్పేశాడు.

బోర్డులో ఉన్న డాక్టరమ్మ ఈ మాట కొట్టిపారేయలేదు. ఆవిడకి మొదటి నుంచీ ఆ అంకెలు మింగుడుపడటం లేదు. ఆ ఎత్తు మనిషికి మూడు మూడున్నర రావాలి గానీ ఐదెక్కడిదని ఆవిడ సందేహం. "వచ్చే విచారణకి నువ్వు రా" అంది. "మా ముందు ఊదు. కాగితాల్లో ఉన్నట్టు వస్తే, ఊదింది నువ్వేనని నేను రాస్తాను. అప్పుడు మీ బావ కాగితాలు చెల్లవు. కేసు నిలబడుతుంది."

షెడ్డులో ఈ వార్త గుప్పుమంది. మేస్త్రి అతన్ని టీ కొట్టు వెనక్కి లాక్కెళ్ళాడు.

"నీకేమన్నా మతిపోయిందా? నువ్వు నోరు విప్పితే నువ్వొక్కడివే పోవు. మిగతావాళ్ళ కాగితాలూ తవ్వుతారు. అందరి చేతా మళ్ళీ ఊదిస్తారు. ఎంతమంది మిగులుతారో నీకు తెలీదా?"

"నేను మా బావ సంగతే చెప్తాను మేస్త్రీ. ఇంకెవరి పేరూ ఎత్తను."

"వాళ్ళడిగితే?"

"తెలీదంటాను."

"నీకు అబద్ధం చెప్పడం ఎప్పుడు వచ్చిందని?" అన్నాడు మేస్త్రి. కోపంగా అనలేదు. ఒకప్పుడు అతని కాళ్ళు పట్టినవాళ్ళు ఆ రోజు నుంచీ అతను ఎదురుపడితే పక్కకి తప్పుకోసాగారు. సైరన్ పట్టించుకోలేదు. అతని బుర్రలో ఒకటే ఉంది. ఒక్కసారి ఊదాలి. ఎన్నోసార్లు ఎందరి కోసమో ఊదినవాడు అక్క కోసం ఒక్కసారి ఊదలేడా?

అయితే ఒక సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా సరిగా చెప్పుకోలేదు. ఇంటి మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి జేబులు తడుముకోవడం కొన్నాళ్ళుగా అలవాటైంది. జేబులో వెతకడానికేమీ ఉండదు. వీధిలో ఎవరైనా పిలిస్తే కేకేసి జవాబు చెప్పే మనిషి చెయ్యూపి ఊరుకుంటున్నాడు. ఈమధ్య ఎక్కడా గట్టిగా నవ్విన జాడ లేదు. బావ అలా ఉండగా నవ్వేమిటని అతనే ఒక కారణం పెట్టుకున్నాడు. విచారణకి ముందు ఊపిరి ఒకసారి చూసుకుందామని చాలాసార్లు అనిపించింది. బుడగో, గొట్టమో, ఏదో ఒకటి ఊది చూస్తే సరిపోయేది. చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. అందుకని, ఊపిరి ఎక్కడికి పోతుంది, పుట్టినప్పటి నుంచీ ఉన్నదే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

విచారణ రోజున బావ తనూ వస్తానని పట్టుబట్టాడు. అక్క వద్దన్నా వినలేదు. మెట్లు దించడానికే తల ప్రాణం తోకకొచ్చింది. బోర్డు ఆఫీసు వరండాలో ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. బావ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి ముందుకి వంగి, బామ్మర్ది వంక చూసి, నవ్వబోయాడు.

"ఒరేయ్, మరీ గట్టిగా ఊదకు" అన్నాడు. "మిషను పగిలిపోతే... మళ్ళీ కొత్తది కొనాలి వాళ్ళు."

సైరన్ లోపలికి వెళ్ళాడు. పెద్ద బల్ల వెనక బోర్డు అధికారి, ఆయన పక్కన డాక్టరమ్మ, ఇవతల కంపెనీ ప్లీడరు. మూల కుర్చీ దగ్గర మిషను. అతనికి ఆ కుర్చీ చూడగానే ధైర్యం వచ్చింది. ఎన్నిసార్లు కూర్చోలేదు అలాంటి దాంట్లో! ముక్కుకి క్లిప్పు తనే పెట్టుకున్నాడు. అట్టమూతి అందుకుని, వెన్ను నిటారుగా చేసి, గాలి పీల్చాడు.

పీల్చేటప్పుడే తెలిసింది. ఇదివరకు గాలి లోపలికి పోతుంటే పోతూనే ఉండేది, పక్కటెముకల దాకా, నడుము దాకా. ఇప్పుడు సగంలో గోడ తగిలినట్టు ఆగిపోయింది. ఇంకా పీల్చబోయాడు. లోపల చోటు లేదు. అయినా ఊదాడు.

"ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు" అంటోంది డాక్టరమ్మ. అతను ఆపలేదు. ఊదడానికి ఏమీ మిగల్లేదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద గీత కొద్దిగా పైకి లేచి, వెంటనే చతికిలబడింది.

డాక్టరమ్మ అంకె చూసింది. పైకి చదవలేదు. "భయపడ్డట్టున్నావు. కాసిని నీళ్ళు తాగి, స్థిమితపడి ఊదు" అంది.

రెండోసారి ఇంకా తగ్గింది. మూడోసారి సగంలో దగ్గు తెరలు తెరలుగా వచ్చి అట్టమూతి నోట్లోంచి జారి కిందపడింది. దాన్ని వంగి తీయబోతే డాక్టరమ్మ ఆపింది.

"చాలు. ఇంక వద్దు."

"ఇంకొక్కసారండీ. దుమ్ము పడి గొంతు పట్టింది, అంతే. ఇంకొక్కసారి."

"రెండున్నరకి మించి రాలేదయ్యా" అంది ఆవిడ మెల్లగా.

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఐదు లీటర్లు ఊదిన మనిషి ఇతనేనట. బంధుప్రేమ మంచిదే, మేం కాదనం" అన్నాడు.

"అప్పుడు ఉండేదండీ!" అన్నాడు సైరన్. అరుద్దామనుకున్నాడు, అరుపు రాలేదు. "నా పాత కాగితాలు కూడా వీళ్ళ దగ్గరే ఉన్నాయి. తీసి చూడండి. నాదీ ఐదే ఉంటుంది. రెండూ ఒకటే ఊపిరండీ, రెండూ నావే."

కాగితాలు తీయించారు. నిజమే, ఐదు పైచిలుకు. డాక్టరమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. నమ్మిందనే అనిపించింది. కానీ బోర్డు అధికారి తల అడ్డంగా ఊపాడు.

"ఇద్దరికీ అప్పట్లో బాగానే ఉందని తప్ప దీనివల్ల ఇంకేం తేలుతుందమ్మా? చూడయ్యా, నువ్వు ఊది చూపిస్తానన్నావు, చూపించలేకపోయావు. నీ మాట మీద పాత రికార్డు కొట్టేయడానికి వీల్లేదు. మీ బావ కేసు ఇంతటితో మూసేస్తున్నాం" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ సంగతి వేరు. నువ్వింకా ఆ షెడ్డులోనే పనిచేస్తున్నావు. వాళ్ళ కాగితంలోనే ఐదుంది, ఇవాళ మా కళ్ళ ముందు రెండున్నర. వయసుకి కొంత తగ్గుతుంది గానీ సగానికి సగం తగ్గదు. నీ కేసుకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఫొటో తీయించుకుని దరఖాస్తు పెట్టు. పింఛను వస్తుంది."

సైరన్‌కి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఆ షెడ్డు మొత్తానికీ నిజమైన రికార్డు ఉన్నవాడు తనొక్కడే. అందరి పేర్ల మీదా ఊదినవాడు కాబట్టి తన పేరు మీదా తనే ఊదుకున్నాడు.

"నా తర్వాత ఎవరికొస్తుందండీ?" అని అడిగాడు.

"నీ భార్యకి."

"నాకు పెళ్ళి కాలేదండీ."

"పిల్లలకి అందామంటే వాళ్ళూ లేరన్నమాట. నీతోనే ఆగిపోతుంది."

"అక్కకి రాదా? ఆవిడే నన్ను పెంచింది. అమ్మ లెక్కే."

"లెక్క వేరు, చట్టం వేరు. అక్కకి రాదు" అన్నాడు అధికారి, చిరాకు లేకుండానే. "నువ్వున్నన్నాళ్ళూ నీ చేత్తో ఇచ్చుకో. ఎవరొద్దన్నారు?"

ఎన్నాళ్ళో అడుగుదామని డాక్టరమ్మ వంక చూశాడు. ఆవిడ కాగితాలు సర్దుతోంది. పెద్దాసుపత్రిలో డాక్టరు కూడా అలాగే ఫొటో కవర్లో పెట్టడం అతను చూశాడు. అడగలేదు. ముక్కుకి ఇంకా క్లిప్పు ఉందని అప్పుడు గుర్తొచ్చి, తీసి, బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు.

వరండా చివర బల్ల మీద బావ, పక్కన అక్క. అతన్ని చూడగానే అక్క లేచి నిలబడింది. అక్కడిదాకా పెద్ద దూరమేం కాదు. సైరన్ నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని ఆగాడు. జేబులు తడుముకోలేదు. నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం తన్నుకున్నాడు.

అక్కకి అర్థం కాలేదు. పని జరగలేదని ఏడుస్తున్నాడనుకుంది. బావకి మాత్రం చూడగానే అర్థమైంది. ఆ భుజాలు ఎలా ఎగురుతాయో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? బల్ల మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

"రా... కూర్చో" అన్నాడు. "వెనక్కి వాలకు. ముందుకి వంగు... చేతులు మోకాళ్ళ మీద పెట్టు. అదీ. అలాగైతే... కాస్త అందుతుంది."

సైరన్ అలాగే కూర్చున్నాడు. బావ మొహం చూడలేక నేల చూశాడు. "రాలేదు బావా. కేసు మూసేశారు. నాకిస్తారట పింఛను. నాకు" అన్నాడు.

"నీకేమిట్రా? నీకేమైందని?" అంది అక్క.

 ఆవిడ మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఒకే బల్ల మీద, ఒకే తీరున ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, నోళ్ళు తెరుచుకుని కూర్చున్న ఇద్దరినీ చాలాసేపు చూసింది. అప్పుడు అర్థమైంది. కేక పెట్టలేదు, గుండెలు బాదుకోలేదు. అన్నేళ్ళ కాపురంలో తనకంటూ ఒక్కటీ అడగని మనిషి.

"మరి నేను?" అంది.